పత్రికకు పంచాంగము

పత్రికను ప్రారంభించుట సులభము, నడపుట కష్టము. పూర్వము పాఠశాలలలో విద్యార్థులు చేతివ్రాత పత్రికలను, గోడపత్రికలను నడపుచుండిరి. నేడు అనేక పాఠశాలలు తమ విద్యార్థుల రచనలను అంతర్జాలమున ప్రకటించుచున్నవి. కాగితము కొననక్కరలేదు, అచ్చుకూలి ఇయ్యనక్కరలేదు. కనుకనే మొదటి మాసమున ఉత్సాహముతో పది రచనలు వెలువడును. రెండవ మాసమున మూడు. పరీక్షలు రాగానే ఒక్కటియు నుండదు. ఆరంభశూరత్వమను అపవాదు మన జాతికి ఏనాటినుండియో ఉన్నది. దానిని పోగొట్టుకొను ఉపాయమొకటి ఈ పాఠమున తెలిసికొందము.

మనకు ఇది యేల ముఖ్యము?

హోసూరులోను, బళ్లారిలోను, పర్లాకిమిడిలోను, షోలాపురములోను పెరుగు తెలుగు బాలునకు తెలుగు వినబడునది ఇంటిలో, కనబడునది తరగతిగదిలో. దుకాణముల పేరుపలకలు, బస్సులమీది ఊళ్ల పేర్లు, ప్రభుత్వ ప్రకటనలు ఆయా రాష్ట్రముల భాషలలో నుండును. అది న్యాయమే. అయితే చదువుటకు తెలుగు అరుదుగా దొరకుచోట, మన పాఠశాల పత్రిక పక్షమునకొకసారి తప్పక వచ్చినచో, చదువరికి తెలుగు అక్షరము అలవాటుగా నిలుచును. అది ఎప్పుడు వచ్చునో తెలియనిచో, రెండుమూడుసార్లు చూచి, క్రొత్తది కానరాక, చదువరి మరలిపోవును. అట్లు మరలిపోయినవానిని తిరిగి రప్పించుట మిక్కిలి కష్టము.

వారపత్రిక, పక్షపత్రిక, మాసపత్రిక అను పేర్లలోనే ఒక మాట ఇచ్చుట యున్నది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను ప్రారంభించినది బొంబాయి నగరమున, అప్పుడది వారపత్రిక. 1914లో అది మదరాసునుండి దినపత్రికగా వెలువడినది. చందమామ 1947 జూలైలో మదరాసుననే పుట్టినది. తెలుగునాట గాక పరభాషా ప్రాంతములలో పుట్టిన పత్రికలు తెలుగువారి యిండ్లలో స్థానము సంపాదించుటకు రచనల గుణము ఒక కారణము. చెప్పిన దినమునకు చేతికందుట రెండవ కారణము.

పంచాంగమనగానేమి?

ఏ రచన, ఏ దినమున, ఎవరిచే వ్రాయబడి, ఎవరిచే దిద్దబడి వెలువడవలెనో ముందుగా నిర్ణయించి వ్రాసికొను పట్టికయే పత్రికా పంచాంగము. దీనినే ఎడిటోరియల్ క్యాలెండర్ అందురు. దీనికి గొప్ప యంత్రము అక్కరలేదు. ఒక పెద్ద కాగితము, ఒక గీతలబద్ద చాలును. కంప్యూటరు ఉన్నచో అందులోనే పట్టిక గీసికొనవచ్చును.

పట్టికలో ఏడు గడులు ఉండవలెను: ప్రకటన తేది, విషయము, రచయిత పేరు, మొదటి ప్రతి ఇయ్యవలసిన తేది, దిద్దువారి పేరు, బొమ్మ గీయువారి పేరు, ప్రస్తుత స్థితి. ప్రతి పనికి ఒక్కరి పేరే వ్రాయవలెను. "తొమ్మిదవ తరగతివారు" అని వ్రాసినచో ఆ పని ఎవరిదియు కాదు. చివరి గడిలో "విషయము నిశ్చయమైనది", "వ్రాయుచున్నారు", "దిద్దుచున్నారు", "సిద్ధము" అను నాలుగు మాటలలో ఒకటి ఉండవలెను. పట్టికను తరగతిగది గోడకు అంటించినచో, పని ఎక్కడ ఆగినదో చూడగనే అందరికి తెలియును.

నిలుకడ తేదులు, కదలు తేదులు

పట్టికలో మొదట నింపవలసినవి మారని తేదులు. ఆగస్టు 29 గిడుగు వేంకట రామమూర్తిగారి జన్మదినము. తెలుగు భాషా దినోత్సవము. సెప్టెంబరు 21 గురజాడ అప్పారావుగారి జన్మదినము. నవంబరు 10 సి. పి. బ్రౌను జన్మదినము. ఫిబ్రవరి 21 అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవము. యునెస్కో 1999లో ప్రకటించగా 2000 నుండి జరుపబడుచున్నది.

వీనితోపాటు మనము నివసించు రాష్ట్రపు దినములను కూడ వ్రాసికొనవలెను: ఒడిషాకు ఏప్రిల్ 1, మహారాష్ట్రకు మే 1, తమిళనాడుకు జూలై 18, కర్ణాటకమునకు నవంబరు 1. యానాము 1954లో భారతదేశ పరిపాలనలోనికి వచ్చినది. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న జరిగినది. మనకు అన్నము పెట్టు నేలనుగూర్చి మన భాషలో వ్రాయుట మన పత్రిక చేయదగిన పనులలో ముఖ్యమైనది. ఇరుగుపొరుగు భాషల కవులను, కథలను తెలుగువారికి పరిచయము చేయుటకు మనకున్న వీలు ఇతరులకు తక్కువ.

పిమ్మట కదలు తేదులు. మన పండుగలు చాంద్రమానమును అనుసరించుటచే ఏటేట మారును. ఉగాది 2026లో మార్చి 19న వచ్చినది. 2027లో ఏప్రిల్ 7న వచ్చును. గత సంవత్సరపు పట్టికను చూచి ఈ సంవత్సరపు తేదిని వేసినచో పండుగ వెళ్లిన తరువాత శుభాకాంక్షలు చెప్పవలసివచ్చును. కావున ఏడాది మొదట పంచాంగమును ఎదుట పెట్టుకొనియే పట్టిక వ్రాయవలెను. పాఠశాల పరీక్షలు, సెలవులు ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క కాలమున వచ్చును గనుక వానిని కూడ అందులో గుర్తింపవలెను.

వెనుకకు లెక్కించుట

ఈ పాఠమునకు ప్రాణము ఇచ్చట గలదు. ప్రారంభ దినమునుండి ముందునకు లెక్కింపరాదు. ప్రకటన దినమునుండి వెనుకకు లెక్కింపవలెను. రామమూర్తిగారినిగూర్చి ఒక వ్యాసము ఆగస్టు 29న వెలువడవలెనని అనుకొందము. 27న అది అంతర్జాలమున ఎక్కించి సిద్ధముగా నుంచవలెను. 24న తుది తప్పొప్పులు చూడవలెను. 18న ఉపాధ్యాయులు దిద్ది ఇయ్యవలెను. 11న మొదటి ప్రతి అందవలెను. ఆగస్టు 1 నాటికే విషయము, రచయిత నిశ్చయము కావలెను. వ్యాసమునకు పది దినములు, దిద్దుటకు వారము, తిరిగి వ్రాయుటకు ఆరు దినములు దొరకినవి.

ఆ పది దినములుండుటచేతనే రచయిత గ్రంథాలయమునకు పోగలుగును. రామమూర్తిగారు 1863లో జన్మించిరనియు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరల భాషను నేర్చి ఆ భాషకు వ్యాకరణము, నిఘంటువు రచించిరనియు, ఆ పట్టణము 1936లో ఒడిషాలో చేరినదనియు తెలిసికొనును. తన భాషను ప్రేమించినవాడే పొరుగువారి చిన్న భాషకు కూడ సేవ చేసెనను సంగతి మనవంటివారికి ఎంత విలువైనదో! ముందునాటి రాత్రి వ్రాయుటకు కూర్చున్నవానికి ఈ సంగతులు దొరకవు. పొగడ్త మాటలే దొరకును.

శక్తికి తగిన లెక్క

పట్టికలో ఎన్ని గడులున్నవో అన్నియు నింపవలెనని ఆశ పడరాదు. పనిచేయు మాసములు పది. మాసమునకు రెండు రచనలు. పరీక్షలు వచ్చు రెండు మాసములలో ఒక్కొక్కటి. మొత్తము 18. తొమ్మండుగురు విద్యార్థులు ఏడాదికి రెండేసి వ్రాసినచో చాలును. వారమునకు మూడని చెప్పి మూడు వారములలో అలసిపోవుటకంటె ఇది మేలు.

ఇంటిలో విత్తనపు గింజలు దాచినట్లు, ఏ తేదికిని కట్టుబడని రెండు రచనలను ఎల్లప్పుడు నిల్వ ఉంచుకొనవలెను. పొడుపుకథలు, మన ఊరి పేరు కథ, మన ప్రాంతపు తెలుగులో మాత్రమే వినబడు మాటల జాబితా మున్నగునవి ఇందుకు తగును. రచయితకు జ్వరము వచ్చినను పత్రిక ఆగదు. నిల్వలో ఒకటి వాడినచో వెంటనే మరియొకటి చేర్చవలెను.

యంత్రము చేయు పని, మనము చేయు పని

రచనను ముందుగా ఎక్కించి ఫలానా దినమున, ఫలానా గంటకు వెలువడునట్లు నిర్ణయించు సౌకర్యము నేడు గలదు. అయితే మూడు జాగ్రత్తలు వలెను. మొదటిది కాలము: మనము ఉదయము 8 గంటలని నిర్ణయించినను, యంత్రము గ్రీనిచ్ కాలమును లెక్కించుచున్నచో మనకు అది మధ్యాహ్నము 1-30 గంటలకు వెలువడును. రెండవది లిపి: పాత ఖతులలో టైపు చేసిన తెలుగు ఇతరుల యంత్రములలో అర్థములేని గుర్తులుగా కనబడవచ్చును, యూనికోడునకు మార్చి, ఒత్తులు సరిగా పడినవో లేదో ఒక ఫోనులో చూచుకొనవలెను. మూడవది వివేకము: ఊరిలో విషాదము సంభవించిన దినమున నవ్వులాట రచన తనంతట తాను వెలువడిపోరాదు. ప్రతి ఉదయము పట్టికను చూచి, అవసరమైనచో ఆపుటకు ఒకరు బాధ్యులై యుండవలెను.

తలిదండ్రులకు మనవి

మీలో కొందరు తెలుగు చక్కగా మాటలాడుదురు గాని చదువలేరు; మీ చదువు వేరొక భాషలో సాగినది. అందుచే మాసమునకు ఒక రచననైనను విద్యార్థియే చదివి ధ్వనిగా వినిపించునట్లు పట్టికలో చోటు ఉంచవలెనని మా అభిప్రాయము. పిల్లల ఛాయాచిత్రములను, పూర్తి పేర్లను మీ అనుమతి లేనిదే ప్రకటింపరాదు. ఆ అనుమతికి కూడ ఒక తేది పెట్టుకొనవలెను. ఇంటి పెద్దలు చెప్పు సామెతలు, పనిపాటల మాటలు, వలస వచ్చిన కథలు పత్రికకు పెట్టుబడి. పట్టికలో మీ పేరు వ్రాసిన దినమున పిల్లలకు అరగంట కేటాయింపుడు.

రైతు అదను చూచి విత్తును. అదను దాటినచో మంచి విత్తనమును పండదు. మంచి రచనకును అట్లే ఒక దినము గలదు. ఆ దినమును ముందుగా కాగితముమీద వ్రాసికొనుటయే మనము నేర్వవలసిన మొదటి పని.

అభ్యాసము

1. మీ పాఠశాల పరీక్షలను, సెలవులను గుర్తించి పది మాసముల పట్టికను గీయుడు.
2. ఫిబ్రవరి 21న ఒక వ్యాసము వెలువడవలెను. వెనుకకు లెక్కించి అయిదు గడువులు వ్రాయుడు.
3. మీ యింటిలో మాత్రమే వినబడు పది తెలుగు మాటలను సేకరించి నిల్వ రచనగా సిద్ధపరుపుడు.
4. మీ రాష్ట్ర దినమున మీ పత్రికలో ఏమి ప్రకటింతురు? కారణములు తెలుపుడు.