సరదా ప్రేమకథ, మధ్యలో దేవుడు: పాఠకుల అభిప్రాయాల్ని ఎలా చదవాలి?



దేవుడి ప్రస్తావన ఉన్న కథలో నవ్వు ఉండొచ్చా? ప్రేమ ఉండొచ్చా? ఉంటే ఎంతవరకు? ఒక పౌరాణిక సినిమా వచ్చినా, రామాయణం మీద కొత్త ఇంగ్లీషు నవల వచ్చినా మన ఇళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో మొదలయ్యే చర్చ ఇదే. ఒకరు "అద్భుతం" అంటారు. ఇంకొకరు "అపచారం" అంటారు. ఇద్దరూ చూసింది మాత్రం ఒకటే.

ఈ చర్చ ఎలా చేయాలో ఈ పాఠంలో నేర్చుకుందాం. అయితే మన పుస్తకంతో కాదు, అమెరికాలో క్రైస్తవ పాఠకుల కోసం వచ్చిన ఒక సరదా ప్రేమ నవలతో. కారణం సింపుల్. మన పుస్తకమైతే మనసు ముందే ఒక పక్షం తీసేసుకుంటుంది. మనది కాని పుస్తకమైతే కాస్త దూరంగా నిలబడి, ఎవరు ఏమంటున్నారు, ఎందుకంటున్నారు అని ప్రశాంతంగా చూడగలం. ఏ మతం గొప్ప అనే పోటీ ఇక్కడ లేదు. చదవడం నేర్చుకోవడమే పని.

1. ఈ తరహా నవల అంటే ఏంటి?

దీన్ని "ఇన్‌స్పిరేషనల్ రొమాన్స్" అంటారు. ఇందులో రెండు దారాలు కలిసి నడుస్తాయి. ఒకటి ఇద్దరి ప్రేమకథ, అది సుఖాంతం అవుతుంది. రెండోది ఆ ఇద్దరికీ దేవుడితో ఉన్న సంబంధం. అది కూడా కథతో పాటు మారుతూ, ఎదుగుతూ ఉండాలి. పాత్రలు ఆదివారం చర్చికి వెళ్లినట్టు రెండు లైన్లు రాస్తే సరిపోదన్నమాట.

ఈ తరహాకి పెద్ద చరిత్రే ఉంది. గ్రేస్ లివింగ్‌స్టన్ హిల్ (1865–1947) అనే అమెరికన్ రచయిత్రి ఇలాంటి నవలలు వందకు పైగా రాశారు. 1979లో కెనడా రచయిత్రి జానెట్ ఓక్ రాసిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ని బెథనీ హౌస్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థ తెచ్చింది. అది బాగా అమ్ముడుపోయి, ఇలాంటి కథలకి పాఠకులున్నారని చూపించింది. 1997లో ప్రేమ నవలలకి పేరున్న హార్లెక్విన్ సంస్థ కూడా ‘లవ్ ఇన్‌స్పైర్డ్’ అనే ప్రత్యేక వరుస మొదలుపెట్టింది. 2000 నుంచి క్రైస్తవ కాల్పనిక సాహిత్యానికి క్రిస్టీ అవార్డులు ఇస్తున్నారు. ఆ పేరు కేథరిన్ మార్షల్ 1967లో రాసిన ‘క్రిస్టీ’ నవల నుంచి వచ్చింది.

మరి సరదా ఎక్కడి నుంచి వచ్చింది? 1996లో ‘బ్రిడ్జెట్ జోన్స్ డైరీ’ వచ్చాక నగరాల్లో ఉండే అమ్మాయిలు తమ మీద తామే జోకులేసుకుంటూ చెప్పుకునే కథలు బాగా నడిచాయి. ఆ గాలి క్రైస్తవ ప్రచురణల వైపు కూడా వీచింది. ఉదాహరణకి 2004లో వచ్చిన క్రిస్టిన్ బిల్లర్‌బెక్ నవల ‘వాట్ ఎ గర్ల్ వాంట్స్’లో హీరోయిన్ సిలికాన్ వ్యాలీలో పేటెంట్ లాయర్. ఉద్యోగం బాగుంది, వయసు ముప్పై దాటింది, పెళ్లి కుదరట్లేదు. ఆ బాధ మనలో చాలామందికి ఎవరూ వివరించనక్కర్లేదు!

2. మనం తీసుకునే పుస్తకం

బెథనీ టర్నర్ రాసిన ‘ది సీక్రెట్ లైఫ్ ఆఫ్ సారా హోలెన్‌బెక్’. 2017లో రెవెల్ అనే క్రైస్తవ ప్రచురణ సంస్థ తెచ్చింది.

కథ క్లుప్తంగా ఇదీ. విడాకుల తర్వాత సారా హోలెన్‌బెక్ ఒక మారుపేరుతో ఘాటైన శృంగార నవలలు రాసి బాగా పేరు తెచ్చుకుంటుంది. ఆ తర్వాత ఆమెకి దేవుడి మీద విశ్వాసం కలుగుతుంది. ఇక అలాంటివి రాయలేను అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే బెన్ డిలేనీ అనే వ్యక్తిని ప్రేమిస్తుంది. ఆయనేమో చర్చి పాస్టర్! ఒకప్పుడు అలాంటి పుస్తకాలు రాసిన మనిషి పాస్టర్‌కి భార్య అవ్వచ్చా? తనకి ఆయన మీద ఉన్న ఆకర్షణని ఏం చేసుకోవాలి? కథంతా సారా మాటల్లోనే, నవ్విస్తూ సాగుతుంది.

ఒక్క క్షణం ఆగి చూడండి. ఈ కథే "పాఠకుల అభిప్రాయం" గురించి. సారా పాత పుస్తకాల్ని చూసి జనం సారాని కొలుస్తారు. పుస్తకం మీద అభిప్రాయం ఎప్పుడు మనిషి మీద తీర్పు అయిపోతుంది? మన పాఠానికి కూడా ఇదే అసలు ప్రశ్న.

3. ఒకే పుస్తకం, ఐదు రకాల పాఠకులు

ఇలాంటి నవల మీద వచ్చే అభిప్రాయాలు సాధారణంగా ఐదు రకాలుగా ఉంటాయి.

మొదటి రకం: "హాయిగా నవ్వుకున్నాను. విశ్వాసం ఉన్న మనిషి కూడా తడబడుతుంది, సిగ్గుపడుతుంది, పొరపాట్లు చేస్తుంది. అది నచ్చింది."

రెండో రకం: "క్రైస్తవ నవల అని కొంటే శారీరక ఆకర్షణ గురించి ఇంత మాటలా? మా అమ్మాయికి ఎలా ఇవ్వను?"

మూడో రకం: "ప్రేమకథ బాగుంది కానీ మధ్యమధ్యలో ప్రసంగం ఎక్కువైంది."

నాలుగో రకం: "విశ్వాసం వైపు మార్పు చాలా తొందరగా జరిగిపోయింది. ఇంకా లోతు కావాలి."

ఐదో రకం: "హీరో మరీ మంచివాడు. ఇలాంటి మగాడు ఉంటాడా?"

ఇప్పుడు రెండో, మూడో రకాలు పక్కపక్కన పెట్టండి. ఒకరికి భక్తి తక్కువైంది, ఒకరికి ఎక్కువైంది. మూడో, నాలుగో రకాలు చూడండి. ఒకరు దేవుడి మాట తగ్గించమంటున్నారు, ఒకరు పెంచమంటున్నారు. రచయిత్రి ఎవరి మాట వినాలి?

4. బగ్ రిపోర్టు సూత్రం

నేను రోజూ చేసే పనిలోంచి ఒక చిన్న పద్ధతి చెప్తాను. సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా బగ్ రిపోర్టు రాస్తే అందులో రెండు విషయాలు తప్పకుండా ఉండాలి. "నేను ఏం ఆశించాను" ఒకటి, "నిజంగా ఏం జరిగింది" రెండోది. "యాప్ బాలేదు" అని మాత్రమే రాస్తే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్కోసారి యాప్ సరిగ్గానే పనిచేస్తుంది, ఆ మనిషి ఆశించిందే వేరే. ఫోన్‌పేలో సినిమా చూడాలనుకుంటే తప్పు ఫోన్‌పేది కాదు కదా!

పుస్తకం మీద అభిప్రాయం కూడా అంతే. పైన ఐదుగురి ఆశలేంటో రాసి చూడండి. మొదటి పాఠకురాలు తనలాంటి మనిషిని వెతుక్కుంది. రెండో ఆమె ఇంట్లో అందరూ చదవగలిగే పుస్తకం కావాలనుకుంది. మూడో ఆమె బహుశా విశ్వాసి కాదు, అశ్లీలం లేని ప్రేమకథ కావాలని వచ్చింది. అక్కడ ఇలాంటి పాఠకులు చాలామందే ఉంటారు. "క్లీన్" రొమాన్స్ వేరు, "ఇన్‌స్పిరేషనల్" రొమాన్స్ వేరు. మొదటిదాంట్లో అసభ్యత లేకపోతే చాలు, రెండోదాంట్లో దేవుడు ఉండి తీరాలి. నాలుగో పాఠకుడికి తన సొంత సాధన ఎంత కష్టమో తెలుసు కాబట్టి కథలో కూడా ఆ కష్టం చూడాలనుకున్నాడు. ఐదో ఆమె నిజజీవితాన్ని ఆశించింది, కానీ ఈ తరహా నవల మొదటి నుంచీ మాటిచ్చింది సుఖాంతమైన కలని.

అందుకే స్టార్ల సగటుని గుడ్డిగా నమ్మకండి. ఒకరు 5 ఇచ్చి, ఇంకొకరు 1 ఇస్తే సగటు 3 వస్తుంది. కానీ ఆ ఇద్దరిలో ఎవరూ "పర్లేదు" అనలేదు! సగటు లెక్కలో ఇద్దరి మాటా మాయమైపోయింది.

5. విశ్వాసులకి ఒక ప్రత్యేకమైన చిక్కు

మామూలు నవల నచ్చకపోతే నచ్చలేదని చెప్పేస్తాం. దేవుడి పేరున్న పుస్తకం నచ్చకపోతే నోరు తెరవడానికి భయం. "బాలేదు" అంటే దేవుణ్ణి అన్నట్టు ఉంటుందేమో అనే అనుమానం. దానికి రివర్సు కూడా ఉంది. కథ నీరసంగా ఉన్నా, మన దేవుడి గురించి కాబట్టి మెచ్చుకోవడం సేవ అనిపిస్తుంది.

రెండూ నష్టమే. మొదటి దాంతో నిజాయితీ పోతుంది. రెండో దాంతో రాసేవాళ్లకి శ్రద్ధ పోతుంది, దేవుడి పేరు పెడితే చాలు జనం మెచ్చుకుంటారని అర్థమైపోతుంది. రచయిత భక్తి ఒకటి, రచయిత పనితనం ఇంకొకటి. గుడిలో నైవేద్యానికి పులిహోర చేసినా ఉప్పు సరిగ్గా పడాలి. ఉప్పు తక్కువైందని చెప్పినవాడు నాస్తికుడు కాదు.

6. ఇంకొకరి పుస్తకాన్ని మన కొలతతో కొలిస్తే

ఈ నవల మనలో ఒకరు చదివితే రెండు ప్రశ్నలు రావచ్చు.

ఒకటి: "ఇది మత ప్రచారమా?" ఈ పుస్తకం అమెరికాలో క్రైస్తవులు క్రైస్తవ పాఠకుల కోసం రాసుకున్నది. పక్కింట్లో పెళ్లి పాటలు వినబడితే అవి మనకోసం పాడుతున్నారని అనుకోం కదా. నచ్చితే వింటాం, లేకపోతే మన పని చూసుకుంటాం. చదివినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకోనంత మాత్రాన వెక్కిరించాల్సిన అవసరమూ లేదు.

రెండోది ఇంకా ఆసక్తికరం: "సారా ఏ ప్రాయశ్చిత్తమూ చేయకుండానే క్షమాపణ ఎలా దొరికేసింది?" కర్మ, ఫలం అనే ఆలోచనలో పెరిగిన మనకి ఇది కథలో లొసుగులా కనిపిస్తుంది. కానీ ఆ సంప్రదాయంలో "కృప" అనే మాటకి అర్థం, మనిషి తన పనులతో సంపాదించుకోకుండానే దేవుడిచ్చే క్షమ. దాని గురించి అక్కడ శతాబ్దాలుగా చర్చ ఉంది. మనం ఆ సిద్ధాంతంతో ఏకీభవించకపోవచ్చు. కానీ అది రచయిత్రి మర్చిపోయిన స్టెప్ కాదు, ఆ కథ నిలబడ్డ పునాదే అది. తేడా తెలిశాక మన అభిప్రాయం మారకపోయినా, మాట మాత్రం న్యాయంగా ఉంటుంది. రేపు మన కథ చదివి ఎవరైనా "ఇంతమంది దేవుళ్లేంటి, కథ గందరగోళం" అంటే వాళ్ల దగ్గర మనం ఆశించేది కూడా ఇదే కదా.

7. మరి మన దగ్గర?

భక్తిలో ప్రేమ, నవ్వు మనకి కొత్త కాదు. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలోని నంది తిమ్మన రాసిన ‘పారిజాతాపహరణం’లో అలిగిన సత్యభామ కృష్ణుడి తలని కాలితో తోస్తుంది. అది వందల ఏళ్లుగా మనం ఇష్టంగా చదువుకుంటున్న కావ్యం. కూచిపూడి భామాకలాపంలో అదే సత్యభామ గర్వాన్ని చూసి నవ్వుకుంటాం. అన్నమాచార్యుల సంకీర్తనల్ని అధ్యాత్మ, శృంగార సంకీర్తనలని రెండు భాగాలుగా రాగిరేకుల మీద చెక్కారు. రెండూ వెంకటేశ్వరుడికే సమర్పణ.

అయితే "చూశారా, మనకీ ఉంది" అని ఇక్కడితో ఆగిపోతే పాఠం సగమే. తేడా కూడా చూడాలి. మన ఈ ఉదాహరణల్లో ప్రేమించేది, అలిగేది, బతిమాలుకునేది సాక్షాత్తు దేవుడే. సారా కథలో ప్రేమ ఇద్దరు మామూలు మనుషుల మధ్య. దేవుడు వాళ్ల మనసులోని మాట వినేవాడు. అందుకే అక్కడి పాఠకులకి "ఈ ఆకర్షణ తప్పా?" అనేది పెద్ద ప్రశ్న అయింది. ఒకే కొలబద్దతో రెండింటినీ కొలవకూడదు.

8. ఈ వారం సాధన

మీరు ఈమధ్య చూసిన ఒక పౌరాణిక సినిమా గానీ, చదివిన భక్తి పుస్తకం గానీ తీసుకోండి. ఈ నాలుగు ప్రశ్నలకి ఒక్కో వాక్యం రాయండి.

ఒకటి, నేను దీని నుంచి ఏం ఆశించాను?
రెండు, ఇది ఎవరి కోసం చేసింది, ఏం ఇస్తానని మాటిచ్చింది?
మూడు, నాకు నచ్చనిది కథా, లేక అందులోని భావమా?
నాలుగు, నేను మాట్లాడుతున్నది పనితనం గురించా, చేసిన మనిషి గురించా?

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. సారాని బాధపెట్టింది ఆ గీత చెరిగిపోవడమే. "నీ పుస్తకం నాకు నచ్చలేదు" అనే మాటకి "నువ్వు దేవుడికి పనికిరావు" అనే మాటకి మధ్య చాలా దూరం ఉంది. కోపంలో ఉన్నప్పుడు ఆ దూరం ఒక్క వాక్యంలో దాటేస్తాం. ఏ మతంలో అయినా, ఏ భాషలో అయినా, భక్తి ఉన్నవాళ్లే ఆ దూరాన్ని ఎక్కువ జాగ్రత్తగా కాపాడాలి.

నాలుగు వాక్యాలూ రాసుకున్నాక, మీ అభిప్రాయానికి పూర్తి వ్యతిరేకంగా మాట్లాడిన ఒక స్నేహితుడికో, అక్కకో చూపించండి. వాళ్లనీ రాయమనండి. మొదటి ప్రశ్న దగ్గరే మీ ఇద్దరి గొడవ సగం తీరిపోవచ్చు.