మా ఊరి మేడి కుటుంబం: కాయల తీరు, పండే కాలం

మేడిపండు పద్యం చిన్ననాడు బళ్లో వల్లెవేయనివారు మనలో ఉండరు. పైకి నిగనిగలాడే పండును విప్పి చూస్తే లోపల పురుగులు కనపడతాయనీ, పిరికివాని బింకం కూడా అటువంటిదేననీ వేమన చెప్పినాడు. నీతి నిజమే. కాని వృక్షశాస్త్రం చదువుకొంటున్నవాడిగా ఆ పురుగు పక్షాన నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. ఆ పురుగు లేకపోతే మేడికి విత్తనం లేదు. పిట్టకు కరువు నెలల్లో తిండి లేదు.

మాది కాసిపేట. రైలు జంక్షన్ కాజీపేట కాదు, మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల కాసిపేట. మా దగ్గర కొందరు గనిలోకి దిగుతారు, కొందరు దుక్కి దున్నుతారు. నేను రెండో తెగవాణ్ణి. మా చేనులో బావి పక్కన ఒక పెద్ద మేడిచెట్టు ఉన్నది. కిందటేడు దీపావళి సెలవులకు ఇంటికి పోయేసరికి బాపు గొడ్డలి నూరుతున్నాడు.

"గా మేడి నీడకు నాలుగు సాళ్ల పత్తి ఎదుగుత లేదు. అమ్ముకుందామంటే పండ్లకు ధర లేదు, కర్రకు బలం లేదు. కొట్టేద్దాం" అన్నాడు.

"ఒక్క ఏడాది ఆగు బాపూ. ఏ చెట్టు ఎప్పుడు పండుతదో రాసుకుంట" అన్నాను.

"రాసుకో. నీ రాతలకు పత్తి పండదు గని" అని నవ్వి గొడ్డలి పక్కన పెట్టినాడు. ఈ వ్యాసం ఆ నోటుబుక్కులో నుంచి పుట్టినది.

పండు కాదు, పూలగుత్తి

మేడి, బొమ్మమేడి, మర్రి, రావి, జువ్వి, అంజూర – ఇవన్నీ ఫైకస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ప్రపంచంలో ఈ ప్రజాతి చెట్లు 750 రకాలకు పైగా ఉన్నాయి. పనస వీటికి దగ్గరి చుట్టం. ఆయుర్వేదంలో పంచవల్కలాలని చెప్పే అయిదు బెరళ్లలో మర్రి, రావి, మేడి, జువ్వి నాలుగూ ఈ ఇంటివే. అయిదవదైన గంగరావి పేరుకే రావి. నిజానికి అది మందార కుటుంబానికి చెందినది.

మనం మేడికాయ అనుకొనేది నిజానికి ఒక పూలగుత్తి. శాస్త్రంలో దీనిని సైకోనియం అంటారు. సంచి లోపలి గోడకు వందల కొద్దీ చిన్న పూలు అతుక్కొని ఉంటాయి. అందుకే మేడి పూవును చూసినవాడు లేడని మా పెద్దలంటారు. సంచి కొనన చిన్న ద్వారం ఉంటుంది. గింజంత కూడా లేని ఆడ కందిరీగ ఒకటి రెక్కలు విరుగుతున్నా ఆ ద్వారం గుండా లోపలికి దూరుతుంది. తాను తెచ్చిన పుప్పొడిని పూలకు అందిస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చనిపోతుంది. ఆ గుడ్ల నుంచి పుట్టినవాటిలో మగవాటికి రెక్కలుండవు. అవి ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలిచి, చాలా వరకు లోపలే చనిపోతాయి. ఆడవి పుప్పొడి తీసుకొని ఆ సొరంగం గుండా ఎగిరిపోతాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. కాయ మెత్తబడి రంగెక్కేది కందిరీగలు వెళ్లిన తరువాతనే. పండు విప్పినప్పుడు మనకు కనపడేవి వెనుకబడినవి, చచ్చినవి, తరువాత వచ్చి చేరినవి. అసలు పని చేసినవారు అప్పటికే వెళ్లిపోయి ఉంటారు.

సాధారణంగా ఒక్కొక్క జాతి చెట్టుకు దాని సొంత కందిరీగ ఉంటుంది. మేడికి సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్, మర్రికి యూప్రిస్టినా మసోని. మా ఊరి కింద ఉన్న బొగ్గు 25 కోట్ల ఏండ్లు పైబడినది. అప్పటికి భూమి మీద పూవే పుట్టలేదు. మేడి, కందిరీగల పొత్తు వయసు ఏడెనిమిది కోట్ల ఏండ్లని శాస్త్రజ్ఞుల అంచనా.

కాయల తీరు

మేడికాయలు ఆకుల మధ్య కాయవు. మొదలుకు, లావుపాటి కొమ్మలకు గుత్తులు గుత్తులుగా కాస్తాయి. పచ్చగా మొదలై నారింజ, ఎరుపు రంగులకు తిరుగుతాయి.

బొమ్మమేడిని కొందరు కాకిమేడి అని కూడా అంటారు. ఆకు గరుకు కాగితంలా ఉంటుంది. కాయ మీద నూగు ఉంటుంది, పండినా లేతపసుపే. దీనిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. పైకి కాయలు ఒకేలా కనపడినా ఆడ చెట్టు కాయలో విత్తనాలుంటాయి, మగ చెట్టు కాయలో కందిరీగలు పెరుగుతాయి.

మర్రిపండ్లు ఆకు మొదట జంటగా, తొడిమె లేకుండా అంటుకొని ఉంటాయి, పండితే ఎరుపు. రావిపండ్లు కూడా జంటలే, కాని చిన్నవి, పండితే ముదురు ఊదా. జువ్విపండ్లు అన్నిటికంటె చిన్నవి, తెల్లగా ఉండి ఎర్రజీర పారుతాయి.

పండే కాలం

నోటుబుక్కులో ఇలా రాసుకొన్నాను. జువ్వి ఫిబ్రవరిలో పండింది. బావి మేడి మార్చి చివరిలో ఎర్రబడింది. వాగు ఒడ్డు మేడికి అప్పటికి పిందెలే. అది మే నెలలో పండింది. బడి వెనుక మేడి జూలైలో. ఆగస్టు వచ్చేసరికి బావి మేడికి రెండో కాపు. ఊరిలో మర్రులు రెండుంటే ఒకటి ఏప్రిల్‌లో, ఇంకొకటి మే చివర పండినాయి. బొమ్మమేడి మాత్రం కొద్దికొద్దిగా పండుతూనే ఉన్నది.

ఒకే నేల, ఒకే వాన, ఒకే జాతి. మరి మూడు మేళ్లకు మూడు కాలాలెందుకు? మొదట నేను నీటి ఎద్దడి వల్ల అనుకొన్నాను. కారణం కందిరీగలో ఉన్నది. బయటికి వచ్చిన ఆడ కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులే. ఆలోగా దానికి పూలు సిద్ధంగా ఉన్న లేత కాయ దొరకాలి. కాని మేడిలో ఒక చెట్టు కాయలు దాదాపు అన్నీ ఒకే ఈడువి. తాను పుట్టిన చెట్టు మీద దానికి చోటు లేదు, వేరే చెట్టు వెతుక్కోవలసిందే. ఊళ్లోని మేళ్లన్నీ ఒకేసారి పండితే ఆ రీగకు పోయే ఇల్లు ఉండదు. కాబట్టి చెట్టుకొక కాలం కావడం మేడి జాతికి లోపం కాదు, ప్రాణాధారం.

దీని లాభం పక్షులకు కూడా అందుతుంది. మార్చి చివరిలో ఒక పదిహేను రోజులు నేను తిరిగినంత మేర నిండుగా పండిన చెట్టు బావి మేడి ఒక్కటే. పొద్దున్నే చెట్టంతా పచ్చ పావురాలు, గోరింకలు, పికిలిపిట్టలు, రాత్రి గబ్బిలాలు. నరుకుదామనుకొన్న చెట్టు ఆ పక్షం రోజులు ఊరి పిట్టలన్నిటికీ సత్రమైంది.

రీగ లేని అత్తి

మరి అంగట్లో అంజూరకు కందిరీగ ఎక్కడిది అని అడగవచ్చు. పూనా దగ్గరి పురంధర్‌లో పండించే రకం, బ్రౌన్ టర్కీ, కడోటా వంటివి పరాగసంపర్కం లేకుండానే పండుతాయి. బ్రౌన్ టర్కీ తోలు గోధుమ ఊదా, కడోటాది పసుపు కలిసిన పచ్చ, బ్లాక్ మిషన్‌ది దాదాపు నలుపు. అంజూరలో ముందటి ఏడు కొమ్మకు వచ్చే కాపు ముందు, కొత్త కొమ్మకు వచ్చే కాపు వెనుక పండుతుంది. పూనా రైతులు వానకాలపు కాపును ఖట్టా బహార్ అనీ, ఎండాకాలపు తీపి కాపును మీఠా బహార్ అనీ పిలుస్తారు.

స్మిర్నా రకం మాత్రం అట్లా కాదు. 1880ల్లో కాలిఫోర్నియా రైతులు ఆ మొక్కలు తెచ్చి నాటుకొన్నారు. చెట్లు ఏపుగా పెరిగినాయి, కాయలు మాత్రం పండకుండానే రాలిపోయినాయి. కందిరీగలను కూడా తెచ్చి, 1899లో అవి అక్కడ నిలదొక్కుకొన్న తరువాతనే పంట చేతికి వచ్చింది.

ఈజిప్టులో మన మేడికి దగ్గరి చుట్టమైన సైకమోర్ అత్తి కథ ఇంకా విచిత్రం. ఆ నేలలో దాని కందిరీగ లేదు. రైతులు ప్రాచీన కాలం నుంచి కాయకు కత్తితో గాటు పెట్టి పండిస్తూ వచ్చినారు. గాయపడిన కాయలో ఇథిలీన్ వాయువు పుట్టి పండేటట్లు చేస్తుంది. పండు వస్తుంది కాని విత్తనం రాదు. మనిషి కొమ్మ నాటితేనే అక్కడ ఆ చెట్టుకు సంతానం. రీగ పోతే చెట్టు గతి అది.

కొమ్మ, మొదలు

ఒక్క మేడి నరికితే మేడిజాతి అంతరించదు. కందిరీగలు గాలివాటున చాలా దూరం పోగలవు. నమీబియా ఎడారిలో నూరు కిలోమీటర్లకు పైగా పోతాయని తేలింది. కాని చెట్లు తగ్గినకొద్దీ కాలాల వరుసలో ఖాళీలు పెరుగుతాయి. రీగ ఎంత దూరమైనా రాగలదేమో, మార్చి నెలలో ఆకలిగొన్న పిట్ట ఆగలేదు.

ఈ దీపావళికి నోటుబుక్కు చదివి వినిపిస్తే బాపు, "మంచిగున్నది. గా పిట్టలను నా నాలుగు సాళ్లకు కిరాయి కట్టుమను" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నష్టం ఆయనది, లాభం ఊరిది. కాసేపటికి ఆయనే చెట్టు చుట్టూ తిరిగి చూసి, "కాయ మొదలుకే గద కాసేది? నీడ కొట్టే కొమ్మలు తీసేద్దాం" అన్నాడు. ఏడాది పాటు ఆ గుత్తులనే చూసి రాసుకొన్న నాకు తోచని ఉపాయం అది. పత్తి వైపు సన్నకొమ్మలు నరికి ఆకు మేకలకు వేసినాము. మొదలు, లావు కొమ్మలు నిలిచినాయి.

మిత్రులారా! గని కోసమో, రోడ్డు కోసమో, చేను కోసమో చెట్లు పోతూనే ఉంటాయి. తిరిగి నాటేటప్పుడు వరుసగా ఒకే రకం మొక్కలు నాటడం సులువు. ఆ వరుసలో ఒక మేడి, ఒక జువ్వి, ఒక బొమ్మమేడి కూడా ఉండేటట్లు చూద్దాం. మీ ఊళ్లలో ఏ చెట్టు ఏ నెలలో పండుతున్నదో ఒక్క ఏడాది రాసి చూడండి. మేడిపండు విప్పినప్పుడు పురుగు కనపడితే ముఖం చిట్లించవద్దు. వచ్చే ఏటి చెట్టు దాని రెక్కల మీదనే ఉన్నది.