బుడ్డోడి అల్లరి, ఆలుమగల ఆలోచన

ఇంట్లో ఏడాదిన్నర బిడ్డ తిరుగుతుంటే వేరే సినిమా అక్కరలేదు. పొద్దున లేచింది మొదలు రాత్రి నిద్రపోయేదాకా ఏదో ఒక ఆట నడుస్తూనే ఉంటుంది. దానికి టిక్కెట్టూ లేదు, విరామమూ లేదు. ఈ పాఠంలో అటువంటి ఒక ఇంట్లోకి తొంగి చూద్దాం. ముందు నవ్వుకుందాం. నవ్వుకున్నాక ఒక సంగతి ఆలోచిద్దాం.

కృష్ణా కాలువ కింద ఒక పల్లెటూరు. రెండెకరాల కౌలు సేద్యం. ఇంట్లో మొగుడు, పెళ్ళాం, అత్తగారు, పద్దెనిమిది నెలల పిల్లవాడు. వాడికి తాతగారి పేరే పెట్టారుగాని, ఊరంతా పిలిచేది మాత్రం బుడ్డోడు అనే.

ఒక రోజు భాగోతం

తెల్లవారింది. తండ్రి పొలం వెళ్ళాలి. ఒక చెప్పు ఉంది, రెండోది లేదు.

"ఏమే, నా చెప్పు చూశావా?"

"నీ చెప్పు నేనేం చేసుకుంటానయ్యా? కుక్క లాక్కుపోయిందేమో చూడు."

మంచం కింద చూశారు. దొడ్లో చూశారు. ఏ పాపం ఎరగని కుక్కను నాలుగు కేకలేశారు. చివరికి అత్తగారు అన్నానికి బియ్యం తియ్యబోతే డబ్బాలోంచి చెప్పు బయటపడింది. నాయనమ్మ డబ్బులు దాచుకునేది ఆ బియ్యంలోనేనని వాడు చూసి ఉన్నాడు. విలువైన వస్తువు అక్కడే పెట్టాలి కాబోలు అనుకున్నాడు. చెప్పుతోపాటు నాయనమ్మ అయిదు వందల నోటు కూడా బయటికొచ్చింది. ఆ రహస్యం ఇంటిల్లిపాదికీ ఆ రోజే తెలిసింది!

తర్వాత చద్దన్నం. వాడికి ఈమధ్యే "వద్దు" అనే మాట వచ్చింది. అన్నం తింటావా అంటే వద్దు. నీళ్ళు తాగుతావా అంటే వద్దు. బెల్లం ముక్క కావాలా అంటే వద్దు అంటూనే రెండు చేతులూ చాస్తాడు. తల్లి గిన్నె పక్కన పెట్టేసరికి, వద్దన్న ఆ అన్నమే వంగి నోటితో అందుకుంటాడు.

చెంచా ఇస్తే కింద పడేస్తాడు. తల్లి తీసి ఇస్తుంది. మళ్ళీ పడేస్తాడు. పదోసారికి తల్లి నడుం పట్టుకుని, "ఇంక ఇవ్వను ఫో" అంటే, వాడే మెల్లిగా దిగి చెంచా తీసి తల్లి చేతిలో పెడతాడు. తను పడెయ్యడానికి ఆమె మళ్ళీ ఇవ్వాలిగా మరి!

మధ్యాహ్నం నర్సమ్మ టీకాల రోజని గుర్తుచేయడానికి వచ్చింది. ఆవిడ సంచీ చూడగానే బుడ్డోడు పరుగెత్తి, వసారాలో స్తంభం పక్కన నిలబడి గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. బొజ్జ అంతా బయటికే కనిపిస్తోంది. తను ఎవరినీ చూడటం లేదు కనుక తనను కూడా ఎవరూ చూడటం లేదని వాడి ధీమా. నర్సమ్మ కూడా మంచిదే. "అయ్యో, బుడ్డోడు లేడే! ఎటు పోయాడో!" అంది. "లేదు! లేదు!" అని స్తంభం దగ్గర్నించి జవాబొచ్చింది.

సాయంత్రం తండ్రి ఇంటికొచ్చేసరికి వాడు అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నోట్లో చీపురుపుల్ల. రెండు వేళ్ళతో పట్టుకుని పీల్చి, తల వెనక్కి వాల్చి, "హూ..." అని వదిలాడు. తర్వాత అచ్చం తండ్రిలాగే దగ్గాడు. ఇరుగుపొరుగంతా పగలబడి నవ్వారు. తండ్రి కూడా నవ్వాడు, కాని చేతిలో బీడీ చప్పున వెనక్కి దాచాడు. ఆ పూట ఇంకోటి ముట్టించలేదు.

అల్లరి వెనక చదువు

తల్లులారా, తండ్రులారా! పైకి ఇదంతా అల్లరిలా కనిపిస్తుంది. నిజానికి బిడ్డ బడికి పోకముందే చదివే చదువు ఇదే.

చెంచా పదిసార్లు పడెయ్యడం పొగరు కాదు. నేను ఇట్లా చేస్తే ఏమవుతుంది, ప్రతిసారీ అట్లాగే అవుతుందా అని వాడు పరీక్ష చేస్తున్నాడు. డబ్బాలో వస్తువులు వెయ్యడం, తియ్యడం చేతివేళ్ళకు పని నేర్పడం. "వద్దు" అనడం మొండితనం కాదు. నేను వేరు, అమ్మ వేరు, నాకూ ఒక ఇష్టం ఉంది అని బిడ్డకు తెలిసిందని దాని అర్థం. చీపురుపుల్ల బీడీ చూశారుగా? పెద్దలు చెప్పినదానికంటే చేసినదాన్నే బిడ్డ ముందు నేర్చుకుంటుంది. పొగ తాగని బిడ్డకు కూడా ఇంట్లో పొగ వల్ల దగ్గు, ఆయాసం రావచ్చు. అది కూడా తండ్రి గమనించాలి.

సాధారణంగా బిడ్డలు ఏడాదికి కాస్త అటూ ఇటూగా అడుగులు వేస్తారు. పద్దెనిమిది నెలలకు సొంతంగా నడవాలి. రెండేళ్ళకు "అమ్మ, పాలు" అన్నట్టు రెండు మాటలు కలపాలి. అట్లా జరగకపోతే "మావాళ్ళలో అందరికీ ఆలస్యమే" అని ఊరుకోకుండా ఆరోగ్య కేంద్రంలో చూపించండి.

ఈ వయసులో తిండి కూడా ముఖ్యమే. ఏడాది దాటిన బిడ్డ ఇంట్లో వండిందే మెత్తగా, కారం లేకుండా రోజుకు మూడు నాలుగుసార్లు తినాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, కాస్త నూనో నెయ్యో ఉండాలి. తల్లిపాలు రెండేళ్ళు, ఆపైన కూడా ఇవ్వవచ్చు. పదహారు నెలలు నిండాక రెండేళ్ళలోపు వేయించవలసిన టీకాలు మరువవద్దు. ప్రతి నెలా అంగన్‌వాడీలో బరువు తూయించండి.

ఇంకో జాగ్రత్త. చెప్పు బియ్యంలో వేసిన చెయ్యి పురుగుమందు సీసా కూడా పట్టుకుంటుంది. కూల్‌డ్రింకు సీసాలో కిరసనాయిలు, పురుగుమందు పోసి ఉంచవద్దు. వేరుశెనగ గింజలు, చింతగింజలు, నాణేలు చేతికి అందనివ్వవద్దు. గొంతుకు అడ్డం పడతాయి. నీళ్ళ గోలెం మీద మూత ఉండాలి. బిడ్డ మందు మింగితే కక్కించవద్దు. ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, 108కి ఫోను చెయ్యండి.

ఇదంతా కనిపెట్టి చూడాలంటే ఇద్దరి కళ్ళూ కావాలి, ఒంట్లో ఓపికా కావాలి. అసలు సంగతి ఇక్కడే ఉంది.

నవ్వు ఆగిన వారం

ఆ నెలలో బుడ్డోడి తల్లికి నెలసరి రావలసిన రోజు దాటి వారమైంది. ఎవరితోనూ చెప్పలేదు. చెప్పు బియ్యంలో దొరికిన రోజున కూడా అందరూ నవ్వారుగాని ఆమె మనసు అక్కడ లేదు. కిందటి కాన్పులో రక్తం తక్కువని రెండుసార్లు ఆసుపత్రికి తిప్పారు. ఇప్పటికీ బిందె ఎత్తితే కళ్ళు తిరుగుతున్నాయి.

"పాలిస్తున్నాంగా, నెల తప్పదులే అనుకున్నా" అంది రాత్రి మొగుడితో.

ఈ మాట చాలామంది అనుకునేదే. ఇందులో సగమే నిజం. బిడ్డకు ఆరు నెలలు నిండకముందు, రేయింబవళ్ళు తల్లిపాలు తప్ప వేరే ఏదీ పట్టకుండా ఉన్నప్పుడు, తల్లికి ఇంకా నెలసరి మొదలుకానప్పుడు మాత్రమే పాలివ్వడం గర్భం రాకుండా కాపాడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ రక్షణ మీద ఆధారపడకూడదు.

మర్నాడు ఆశా కార్యకర్త దగ్గర పరీక్ష చేయించుకుంది. గర్భం కాదని తేలింది. రక్తం పరీక్ష కూడా చేయించుకోమని, ఇనుము మాత్రలు వాడమని నర్సమ్మ చెప్పింది. ఇంటికొచ్చి ఆమె నవ్వింది, ఏడ్చింది. "ఏమయ్యా, పొలంలో నారు ఎప్పుడు పొయ్యాలో, నాటు ఎప్పుడు వెయ్యాలో పది రోజులు ఆలోచిస్తావు. ఇంట్లోకి మనిషి ఎప్పుడు రావాలో మాత్రం మనం ఒక్క పూటైనా మాట్లాడుకున్నామా?" అంది. మొగుడి దగ్గర జవాబు లేదు.

అత్తగారు చెప్పిన మాట

అందాకా అత్తగారు, "వాడికి తోడు ఒకళ్ళుండాలి, తొందరగా కనెయ్యండి, ఒకేసారి పెరిగిపోతారు" అంటూండేది. కోడలు ఏడవడం చూసి ఆమె కూడా అరుగు మీద చతికిలబడింది.

"వీడు మొదటి అడుగు ఎప్పుడేశాడో నీకు గుర్తుందా అమ్మాయ్?"

"ఎందుకు లేదత్తా? సంక్రాంతి మర్నాడు. ముగ్గు తొక్కుకుంటూ నా మీదికొచ్చాడుగా."

"నీ మొగుడు ఎప్పుడు నడిచాడో నాకు గుర్తు లేదు. వాడికి ఏడాది నిండేసరికి నేను మళ్ళీ ఏడో నెల కడుపుతో ఉన్నా. కాళ్ళు వాచి మంచంలో ఉన్నా. పాలు మానిపించారు. నా దగ్గరికి పాకుతూ వస్తే ఎవరో ఒకరు ఎత్తుకుపోయేవాళ్ళు. ఆ పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. మూడు నెలలే దక్కింది. వీడి అల్లరి చూస్తుంటే, వాళ్ళ నాన్న అల్లరి నేను చూడనేలేదే అనిపిస్తది."

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. బుడ్డోడు మాత్రం నాయనమ్మ చెంప మీది తడిని వేలితో తాకి, "నీళ్ళు" అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

ఎడం ఎందుకు?

ఇది ఒక ఇంటి కథే కాదు. 1930లలో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో (ఇప్పుడది ఘనా దేశం) సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ పనిచేశారు. పాలు మానిన బిడ్డలకు కాళ్ళు ఉబ్బి, చర్మం పొలుసులు లేచి, జుట్టు రంగు మారి, ఆట మరిచి నీరసించే జబ్బు ఆమె చూశారు. ఆ ఊళ్ళ తల్లులు దాన్ని పిలిచే పేరునే ఆమె 1935లో వైద్యలోకానికి తెలియజేశారు. ఆ పేరు క్వాషియార్కర్. తర్వాతి బిడ్డ వచ్చినప్పుడు ముందటి బిడ్డకు పట్టే జబ్బు అని దాని భావం. చూశారా! డాక్టర్లకంటే ముందే తల్లులు కారణం కనిపెట్టారు.

ఒక కాన్పు అయ్యాక మళ్ళీ గర్భం రావడానికి కనీసం రెండేళ్ళు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే బిడ్డకూ బిడ్డకూ సుమారు మూడేళ్ళ ఎడం. మరీ వెంటవెంటనే కాన్పులైతే తల్లికి రక్తహీనత, బిడ్డ నెలలు నిండకుండానో, తక్కువ బరువుతోనో పుట్టే ప్రమాదం ఎక్కువ. ఎడం ఉంటే తల్లి ఒళ్ళు కోలుకుంటుంది. పెద్దవాడు పాలు, ఒడి, ముద్దుమాటలు తనివితీరా అనుభవిస్తాడు. చిన్నది పుట్టేసరికి తన అన్నం తను తింటూ, "మా చెల్లి" అని ఊరంతా చెప్పుకునే వయసు వస్తుంది.

ఏ పద్ధతి?

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం. ఎవరి బలవంతమూ లేదు. ఇద్దరూ కలిసి వచ్చి, అడిగి, ఎంచుకోండి.

నిరోధ్: మగవాడు వాడేది. ప్రతిసారీ కొత్తది వాడాలి. సుఖవ్యాధుల నుంచి కూడా కాపాడుతుంది.

కాపర్-టి: రకాన్ని బట్టి అయిదేళ్ళు లేదా పదేళ్ళు పనిచేస్తుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయించుకోవచ్చు.

అంతర ఇంజెక్షన్: మూడు నెలలకొకటి. మానేశాక మళ్ళీ గర్భం రావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు.

ఛాయ మాత్రలు: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులూ వాడవచ్చు.

మాలా-ఎన్: రోజూ ఒక మాత్ర. పాలిచ్చే తల్లి అయితే కాన్పయిన ఆరు నెలలదాకా వద్దు.

ఇక పిల్లలు చాలు అనుకుంటేనే ఆపరేషన్. మగవారికి కోత, కుట్లు లేని వేసెక్టమీ చిన్న పని. దానివల్ల బలం తగ్గదు, మగతనం తగ్గదు. చేయించుకున్నాక మూడు నెలలు నిరోధ్ వాడి, తర్వాత పరీక్ష చేయించుకోవాలి.

బుడ్డోడి తల్లిదండ్రులు నర్సమ్మతో మాట్లాడి కాపర్-టి ఎంచుకున్నారు. రెండో బిడ్డ సంగతి వీడికి మూడేళ్ళు వచ్చాక ఆలోచిద్దామనుకున్నారు. తండ్రి అరుగు మీద బీడీ మానాడు. పూర్తిగా మానడానికి ఇంకా తంటాలు పడుతున్నాడు. చెప్పులు మాత్రం ఇప్పుడు చూరులో పెడుతున్నాడు. మొన్న చెంచా కనిపించకపోతే అందరూ నేరుగా బియ్యం డబ్బా దగ్గరికే వెళ్ళారు.

మీ ఇంట్లో మాట్లాడుకోండి

1. మీ బిడ్డ ఈ వారం చేసిన తమాషా ఏమిటి? దానివల్ల వాడు ఏం నేర్చుకుంటున్నాడు?

2. మీ ఇంట్లో బిడ్డ చేతికి అందే ప్రమాదకరమైన వస్తువులు ఏమున్నాయి? ఈ రోజే తీసి పైన పెట్టండి.

3. తర్వాతి బిడ్డ ఎప్పుడు అని ఆలుమగలిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారా?

4. భార్య ఒంట్లో రక్తం ఎంత ఉందో భర్తకు తెలుసా?

బిడ్డ మొదటి అడుగు ఒక్కసారే పడుతుంది. దాన్ని చూసి నవ్వే తీరికా, ఎత్తుకునే ఓపికా తల్లికి మిగలనివ్వండి.