ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: నులిపురుగులు, నట్టల మందు

ప్రశ్న: మా అయిదేండ్ల పాపకు రాత్రయితే ఆసనం దగ్గర ఒకటే దురద. చూస్తే తెల్లని దారాల వంటి పురుగులు కనబడ్డయి. ఇల్లు నేను శుభ్రంగనే ఉంచుత. ఇట్లెందుకైంది? – ఒక తల్లి, జమ్మికుంట

జవాబు: అమ్మా, మీరడిగినది పురుగును గూర్చియే యైనను, మిమ్ము బాధించుచున్నది ఇంటిలో నెవరో అనిన మాట యని నాకు తోచుచున్నది. ఆ మాటను మరచిపొండు. అమెరికాలోని యూటా గుహలలో వేల సంవత్సరముల నాటి మానవ మలావశేషములందును ఈ పురుగు గ్రుడ్లు కనబడినవి. ఇది భాగ్యవంతుల యిండ్లను సైతము విడిచిపెట్టదు. పెద్దప్రేగు మొదట నివసించు ఆడపురుగు, బిడ్డ నిద్రించిన పిదప వెలికివచ్చి ఆసనము చుట్టును వేలకొలది గ్రుడ్లు పెట్టును. బిడ్డ గోకికొనగా నవి గోళ్లలో జేరి, కొలది గంటలలోనే అంటుకొనుటకు సిద్ధమై, వ్రేళ్ల వెంట నోటికి పోవును. రెండేండ్లు దాటినవారికి ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకమారు, రెండు వారములకు మరల నొకమారు ఇంటిల్లిపాదియు ఒకే దినమున తీసికొనవలెను. మందు పురుగును జంపును గాని గ్రుడ్లను జంపజాలదు. గర్భిణులు, పసిశిశువుల విషయమున వైద్యుని అడుగుడు. ఉదయము లేవగానే పాపకు స్నానము చేయించి, గోళ్లు కత్తిరించి, దుప్పట్లను దులుపక వేడినీట నుతుకుడు. పాపను మాత్రము కసరకుడు.

ప్రశ్న: బెల్లం తింటే పురుగులు పుడతయా?

జవాబు: పుట్టవు. పండ్లు పుచ్చును.

ప్రశ్న: బడిల గోలి మింగినా మళ్లీ వచ్చినయి. గోలి మంచిది కాదా?

జవాబు: గోలి మంచిదే. 2015లో దేశమున ఆరంభమైన నులిపురుగుల నివారణ దినము ప్రధానముగా మట్టి ద్వారా సోకు ఏలికపాములు, కొంకిపురుగుల వంటి వానికై యేర్పడినది. మీ యింటిలో మ్రింగినది ఒక్క బిడ్డ, ఒక్కమారు. మొదటి జవాబు చదువుడు.

ప్రశ్న: గొర్లకు తెచ్చిన నట్టల మందు మిగిలింది. ఫోన్ల వీడియో చూసి పిల్లగానికి రెండు మూతలు తాగిచ్చిన. రెండో మోతాదు ఎప్పుడియ్యాలె?

జవాబు: ఎన్నటికిని ఇయ్యరాదు. ముందుగా బాలుని, ఆ సీసాను వెంటబెట్టుకొని నేడే దవాఖానకు పొండు. నా కోపమును తరువాత చదువవచ్చును. గొర్రెల ఆల్బెండజోల్ ఒక సీసాలో మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాములుండ, వేరొకదానిలో 100 ఉండును. రెండు మూతలనిన నెంత యని ఆ వీడియోవాడు మీకు జెప్పెనా? మరికొన్ని సీసాలలో క్లోసాంటెల్ ఉండును. దానిని పొరపాటున మ్రింగిన మనుష్యులు చూపు గోల్పోయిన వృత్తాంతములు వైద్యగ్రంథములం దున్నవి. గొర్రెల నట్టలు వేరు, మీ కుమారుని పురుగులు వేరు. వీడియో చేసినవాడు మీ బిడ్డ బరువెరుగడు, వయస్సెరుగడు, రేపు వాంతులైనచో మీ గడప త్రొక్కడు. అట్టివానిని నమ్మి, ఊరిలోని వైద్యుని నమ్మకపోవుట కేమి కారణము? సర్కారు దవాఖానలో నులిపురుగుల గోలికి ధర లేదు గావున, మిమ్ము నాపినది ధనము కాదు, మగబిడ్డకు ఆసనమున దురద యని నలుగురిలో చెప్పుటకు సిగ్గు. మేము దినమెల్ల వినునవి ఇట్టి మాటలే. మిగిలిన మందును పిల్లలకందని చోట గొర్రెల సామానుతో నుంచుడు.

ప్రశ్న: మలపరీక్షలో పురుగులు లేవన్నరు. దురద పోలేదు.

జవాబు: గ్రుడ్లు ఆసనపు చర్మముపై నుండును గాని మలమునందు తరచుగా దొరకవు. తెల్లవారి స్నానమునకు, దొడ్డికి ముందే పారదర్శకమైన టేపును అచ్చట అద్ది, గాజుపలకపై అంటించి తెండు. వరుసగా మూడు ఉదయములు.