పాత కారు ఇంజను బ్లాకు: కొనుటకు ముందు కొలుచుట

మోటారుకారు ఇంజనునకు బ్లాకు అను పోతయినుప దిమ్మయే పునాది. సిలిండర్లనబడు గుండ్రని రంధ్రములు దానియందే యుండును. వానిలో పిస్టనులు పైకిని క్రిందికిని ఆడుచుండును. సిలిండర్ల చుట్టును నీరు తిరుగు దారులు కలవు. ఇట్టి బ్లాకు చెడినదని మేస్త్రీ చెప్పిన దినమున పాత బండి గల గృహస్థునకు దిగులు పుట్టుట సహజము. తండ్రి కొన్న బండిని తుక్కుక్రింద అమ్ముటయా, అప్పుచేసి వేరొక బ్లాకు తెచ్చుటయా యని ఇంటిల్లిపాదియు తర్కింతురు. అట్టివారికి మేము చెప్పదలచినది ఒక్కటే: కొలువక కొనరాదు. అన్నిటికంటె చౌకయైన బ్లాకు తరుచుగా తమ బండిలోనే యుండును.

అందరెరిగిన అంబాసిడరు కారును ఉదాహరణముగా గైకొందము. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారును అనుసరించి, హిందుస్థాన్ మోటార్సు వారు కలకత్తా చేరువనున్న ఉత్తరపారాలో దీనిని 1950వ దశకము చివరినుండి 2014వ సంవత్సరము వరకు చేసిరి. చిరకాలము దీనియందు వాడిన పెట్రోలు ఇంజను 1489 ఘన సెంటీమీటర్లది. దాని సిలిండరు వ్యాసము 73.025 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. విద్యార్థులారా, సిలిండరు ఘనపరిమాణ సూత్రము మీకు తెలియును గదా! కొలతలను సెంటీమీటర్లలోనికి మార్చి, ఒక సిలిండరునకు లెక్కకట్టి నాలుగింట గుణింపుడు, 1489 రాగలదు.

మొదట చెడినదేదో తేల్చవలెను. చమురు చిలికిన మజ్జిగవలె తెల్లబారినను, నీరు ఊరక తరుగుచున్నను, బ్లాకు పగిలినదని వెంటనే తలంపరాదు. హెడ్డునకును బ్లాకునకును నడుమనుండు గ్యాస్కెట్టు కాలినను ఇవే గురుతులు కన్పట్టును. గ్యాస్కెట్టు వెల స్వల్పము. బ్లాకు వెల అధికము. కావున హెడ్డు విప్పి చూడవలెను. అనుమానమున్న చోట శుభ్రముగ తుడిచి కిరసనాయిలు పూసి, కొంతసేపటికి దానిని తుడిచివేసి సుద్దపొడి చల్లినయెడల, పగులున్నచో అందుదాగిన నూనె పైకి వచ్చి నల్లని గీతవలె అగుపడును. లోపలి పగుళ్లు దీనివలన తెలియవు. వానికై నీటిదారులన్నియు మూసి ఒత్తిడితో నీరు నింపి పరీక్షింపవలెను.

పగులు లేక సిలిండర్లు అరిగియుండుటయే దోషమైనచో, బ్లాకు మార్చ నక్కరలేదు. సిలిండరును పైన, నడుమ, క్రింద రెండేసి దిక్కులయందు కొలువవలెను. పైభాగమున అరుగుదల ఎక్కువగా నుండును. అంగుళములో వెయ్యవ వంతులు 20, 30, 40 చొప్పున బోరు పెంచి, దానికి తగిన పెద్ద పిస్టనులు వేయుదురు. 40 వంతులు పెంచినను ఇంజను పరిమాణము 1531 ఘన సెంటీమీటర్లే యగును. అంతకు మించి అరిగినచో రంధ్రమును ఇంకను వెడల్పుచేసి, స్లీవు అను ఇనుపగొట్టమును బిగించి, మరల మొదటి కొలతకు బోరు చేయుదురు. వెలుపలి నీటిగోడలోని చిన్న పగులును మరలు బిగించి కుట్టుటయు కలదు. పోతయినుమునందు కర్బన మధికము గనుక తొందరపడి వెల్డింగు చేసిన చోట అది పెళుసుబారి మరల చిట్లును. క్రాంకును మోయు అడ్డగోడలే పగిలినచో ఆ బ్లాకునందు ఆశ విడువవలసినదే.

అప్పుడు మాత్రమే వేరొకటి వెదకవలెను. అంబాసిడరు పేరుగల ప్రతి బ్లాకును ఒక్కటి కాదు. 1489 పెట్రోలు బ్లాకు వేరు, డీజిలు బ్లాకు వేరు, తరువాత వచ్చిన ఇసుజు ఇంజను వేరు. మన కోనసీమనుండి రావులపాలెము మీదుగా రాజమహేంద్రవరము, విజయవాడ ఆటోనగరు చేరి విచారింపవచ్చును. మదరాసునందు పుదుప్పేటయు, కలకత్తాలో మల్లిక్ బజారును పాత భాగములకు పేరుపొందినవి. అయితే దూరమునుండి తెచ్చిన బ్లాకునకు లారీ కిరాయి, బోరింగు కూలి, పిస్టనులు, బేరింగులు, గ్యాస్కెట్లు కలిపిన మొత్తమే నిజమైన వెల. బ్లాకుతో దాని బేరింగు మూతలనుకూడ తప్పక తీసికొనవలెను. వానిని బ్లాకునకు బిగించియే తొలిచెదరు గాన, ఒకదాని మూతలు మరియొకదానికి సరిపడవు.

ఇంకొక సంగతి కలదు. బ్లాకుపై ఇంజను నంబరు చెక్కబడియుండును. అది బండి కాగితములలోను వ్రాయబడును. నంబరు అరగదీసిన బ్లాకు ఎంత చౌకయైనను కొనరాదు. అది దొంగసొత్తు కావచ్చును. తెలియక కొన్నవాడు సొమ్మును, బండిని, మంచిపేరును కోల్పోవును. అమ్మువానియొద్ద నంబరు వ్రాసిన రసీదు గైకొని, 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి ఇంజను మార్పును రవాణా శాఖవారికి తెలుపవలెను. 50 ఏండ్లు దాటి స్వరూపము మారని బండ్లను పురాతన వాహనములుగా నమోదుచేయు నియమము 2021లో వచ్చినది. ఆ గౌరవము కోరువారికి వేరు జాతి ఇంజను పనికిరాదు.

బాగుపడిన బ్లాకును కాపాడుట మన చేతిలోని పని. సముద్రతీరమున కొన్ని నూతుల నీరు ఉప్పన. దానిని రేడియేటరులో పోసిన లోపలి దారులు త్రుప్పుపట్టి, పొలుసు కట్టి పూడును. శుద్ధజలమును, త్రుప్పును అడ్డు కూలెంటును వాడవలెను. కాగిన ఇంజనుపై చన్నీరు కుమ్మరింపరాదు. వేడి ఇనుము ఒక్కసారిగా ముడుచుకొని పగులును.

లూకా సువార్తయందు గోపురము కట్టగోరువాని ఉపమానమును మీరు చదివియున్నారు. ముందు కూర్చుండి లెక్కచూచుకొనుటకు మోటారుశాలయును తగిన తావే. తల్లిదండ్రులు బేరమునకు వెళ్లునపుడు కొలతలు వ్రాసికొని వెంటనుండు బిడ్డ ఆ యింటి సొమ్మును కాపాడగలడు. బడిలో నేర్చిన గణితమునకు అంతకు మించిన ప్రయోజన మేమి?