నిద్రాణమైన క్షయ – మేలుకొని కాచే రోగనిరోధక శక్తి

మన పురాణాలలో చంద్రునికి క్షయ సోకిన కథ ఒకటి ఉంది. దక్షప్రజాపతి తన ఇరవైయేడుగురు కుమార్తెలను చంద్రునికిచ్చి వివాహం చేయగా, అతడు రోహిణిని మాత్రమే ఆదరించాడు. ఆగ్రహించిన మామగారి శాపం వలన చంద్రుడు నానాటికీ క్షీణించసాగాడు. చివరకు శాపం పూర్తిగా తొలగలేదు. కొంతకాలం క్షీణించడం, కొంతకాలం వృద్ధి పొందడం అనే ఒడంబడిక మాత్రం కుదిరింది. ఈ కథలో ఆధునిక వైద్యశాస్త్రాన్ని వెదకడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే క్షయక్రిమికీ మానవ శరీరానికీ నడుమ చాలామందిలో ఏర్పడే సంబంధం కూడా ఇటువంటి ఒడంబడికే. ఏ పక్షమూ పూర్తిగా గెలవదు, ఏ పక్షమూ పూర్తిగా ఓడదు.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సంగతి సాధారణంగా ఒక పరీక్ష ఫలితం రూపంలో ఎదురవుతుంది. ఆసుపత్రి ఉద్యోగంలో చేరేటప్పుడో, విశ్వవిద్యాలయంలో ప్రవేశించేటప్పుడో, గ్రీన్‌కార్డు వైద్యపరీక్షలోనో “టి.బి. పాజిటివ్” అని వస్తుంది. మనిషికి దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. కొందరు భయపడి ఈ విషయాన్ని బంధుమిత్రుల దగ్గర దాచిపెడతారు. మరికొందరు “చిన్నప్పుడు బి.సి.జి. వేయించుకున్నాం కదా, అందువల్లనే” అని ఆ కాగితాన్ని పక్కన పడేస్తారు. ఈ రెండూ సరైనవి కావు. ఎందుకు కావో తెలియాలంటే ఈ క్రిమితో మన శరీరం ఎలా పోరాడుతుందో తెలుసుకోవాలి.

క్రిమి స్వభావం

1882 మార్చి 24న బెర్లిన్ నగరంలో రాబర్ట్ కాక్ క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొన్నట్లు ప్రకటించాడు. దాని శాస్త్రీయ నామం మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్. మన ప్రేగులలో నివసించే ఇ. కోలై అనే బాక్టీరియా అనుకూల పరిస్థితులలో ఇరవై నిమిషాలకొకసారి రెండుగా విడిపోతుంది. క్షయక్రిమికి అదే పనికి ఇంచుమించు ఇరవై గంటలు పడుతుంది. దాని చుట్టూ మైనం వంటి కొవ్వు పదార్థాలతో కూడిన దళసరి కవచం ఉంటుంది. నిదానం, కవచం – ఈ రెండూ దాని ప్రధాన బలాలు.

ఊపిరితిత్తుల క్షయ ఉన్న వ్యక్తి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరలు గాలిలో తేలుతూ మరొకరి ఊపిరితిత్తులలోని వాయుగోణులను చేరుతాయి. ఒకే కంచంలో తినడం వలన గాని, బట్టలు తాకడం వలన గాని, కరచాలనం వలన గాని ఈ వ్యాధి అంటదు.

కోట నిర్మాణం

వాయుగోణులలో స్థూలభక్షక కణాలు కావలి కాస్తుంటాయి. ఇవి లోపలికి వచ్చిన క్రిమిని మింగివేస్తాయి. మింగిన క్రిమి ఉన్న సంచి, జీర్ణరసాలు గల లైసోసోమ్ అనే మరొక సంచితో కలిసిపోయినప్పుడు సాధారణంగా ఆ క్రిమి నశిస్తుంది. క్షయక్రిమి ఈ కలయికనే అడ్డుకోగలదని 1971లో బ్రిటన్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. అంటే తనను చంపవలసిన కణాన్నే అది తన నివాసంగా మార్చుకుంటుంది. రక్తంలో సంచరించే ప్రతిరక్షకాలు కణం లోపల దాగిన శత్రువును చేరలేవు. కనుక ఈ పోరాటంలో ప్రధాన భారం టి-కణాలు అనే తెల్ల రక్తకణాలపై పడుతుంది.

ఈ టి-కణాలు వెంటనే రావు. క్రిమి ఆనవాళ్లు ముందుగా లింఫు గ్రంథులకు చేరాలి. అక్కడ ఆ ఆనవాలును గుర్తించగల టి-కణాలు మేల్కొని, సంఖ్యలో వృద్ధి చెంది, ఊపిరితిత్తులకు తరలిరావాలి. సంక్రమణ జరిగిన తరువాత రెండు నుండి ఎనిమిది వారాలకు గాని ఈ స్పందన పరీక్షలలో బయటపడదు. ఈలోగా క్రిములు నిదానంగానే అయినా పెరుగుతూ ఉంటాయి.

వచ్చిన టి-కణాలు గామా ఇంటర్‌ఫెరాన్ అనే రసాయన సందేశాన్ని వెలువరిస్తాయి. దానితో భక్షక కణాలకు కొత్త శక్తి వచ్చి, తమ లోపలి క్రిములను అదుపు చేయగలుగుతాయి. టి.ఎన్.ఎఫ్. అనే మరొక పదార్థం ఈ కణాలన్నిటినీ ఒకచోట కూర్చి నిలుపుతుంది. నడుమ క్రిములున్న భక్షక కణాలు, చుట్టూ టి-కణాలు, వెలుపల నారపొర – ఇలా ఏర్పడిన చిన్న కణుపును గ్రాన్యులోమా అంటారు. ఇదే మన శరీరం కట్టే కోట. చాలామందిలో క్రిములు దీనిలో బందీలై సంవత్సరాల తరబడి నిద్రాణంగా ఉండిపోతాయి. దీనినే నిద్రాణ సంక్రమణ అంటారు. ఈ స్థితిలో ఉన్నవారు రోగులు కారు. వారి వలన ఇతరులకు వ్యాధి సోకదు.

ప్రపంచ జనాభాలో సుమారు నాలుగవ వంతు మందికి క్షయ సంక్రమణ జరిగి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో జీవితకాలంలో వ్యాధిగ్రస్తులయ్యేవారు 5 నుండి 10 శాతం. మొదటి రెండేళ్లలోనే ఈ ప్రమాదం ఎక్కువ. శాతంగా చూస్తే ఇది చిన్నదే. అయినా 2023లో ప్రపంచంలో 1 కోటి 8 లక్షల మంది వ్యాధిగ్రస్తులయ్యారని, 12 లక్షల 50 వేల మంది మరణించారని ఆ సంస్థ లెక్కగట్టింది. ఆ రోగులలో నాలుగవ వంతుకు పైగా భారతదేశంలోనివారే.

కోట కూలినప్పుడు తెలిసిన సత్యాలు

ఒక గోడకు ఏ రాయి ఆధారమో ఆ రాయి తీసినప్పుడే తెలుస్తుంది. క్షయపై మన రోగనిరోధక శక్తిని గురించి శాస్త్రజ్ఞులు నేర్చుకున్న పాఠాలలో చాలా భాగం ఇటువంటివే. 1980లలో ఎయిడ్స్ వ్యాపించినప్పుడు, టి-కణాలను కోల్పోయిన రోగులలో క్షయ విజృంభించింది. ఇతరులకు జీవితకాలమంతటిలో ఉండే ప్రమాదం, చికిత్స పొందని ఈ రోగులకు ఒక్క ఏడాదిలోనే ఎదురయ్యేది. 1993లో గామా ఇంటర్‌ఫెరాన్ జన్యువు లేని ఎలుకలు క్షయక్రిమిని తట్టుకోలేకపోయాయని రెండు పరిశోధన బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. 1996లో, ఆ ఇంటర్‌ఫెరాన్ సందేశాన్ని అందుకునే గ్రాహకం పుట్టుకతోనే లోపించిన పిల్లలకు నిరపాయకరమైన బి.సి.జి. క్రిమి కూడా ప్రాణాంతకం కాగలదని తేలింది. 2001లో, కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు తీసుకున్నవారిలో క్షయ బయటపడుతున్నదని వైద్యులు హెచ్చరించారు. ఆ మందు చేసే పని టి.ఎన్.ఎఫ్.ను అడ్డుకోవడమే. కోటను నిలిపే బంధనం తొలగగానే బందీలు బయటికి వచ్చారన్నమాట.

అయితే ఈ కోట పూర్తిగా మనకు మేలు చేసేదేనా? 2009లో లలితా రామకృష్ణన్, ఆమె సహచరుడు ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని సవరించింది. పారదర్శకమైన జీబ్రాచేప పిల్లలలో క్షయక్రిమికి దగ్గరి బంధువైన ఒక క్రిమిని ప్రవేశపెట్టి, వారు సూక్ష్మదర్శినిలో గమనించారు. తొలిదశలో గ్రాన్యులోమాలోనికి కొత్తగా వచ్చే భక్షక కణాలే క్రిమికి కొత్త ఇళ్లుగా మారి, దాని వ్యాప్తికి తోడ్పడుతున్నట్లు కనబడింది. ఊపిరితిత్తులను తొలిచి గుంతలు చేసేది కూడా చాలావరకు మన రోగనిరోధక స్పందనే. కనుక ఈ వ్యాధిలో స్పందన తక్కువైనా ముప్పే, మితిమీరినా ముప్పే.

చర్మం చెప్పేది, రక్తం చెప్పేది

కాక్ 1890లో ట్యుబర్‌క్యులిన్ అనే ద్రవాన్ని క్షయకు మందుగా ప్రకటించాడు. మందుగా అది విఫలమైంది. కొందరు రోగులలో తీవ్రమైన ప్రతిచర్యలు కలిగించింది. అయితే 1907లో పిర్కే, 1908లో మాంటూ దానిని పరీక్షకు ఉపయోగించవచ్చునని చూపారు. ముంజేతి చర్మంలో కొద్దిగా ఎక్కించి, 48 నుండి 72 గంటల తరువాత చూస్తారు. కొలవవలసింది ఎర్రదనాన్ని కాదు, గట్టిపడిన వాపును. ఆ వాపు, క్రిమిని ఇంతకుముందే ఎరిగిన టి-కణాలు అక్కడ గుమికూడడం వలన ఏర్పడుతుంది.

ఇక్కడే బి.సి.జి. ప్రశ్న వస్తుంది. ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ పశువుల క్షయక్రిమిని 1908 నుండి 13 సంవత్సరాల పాటు 230 సార్లు మార్చి మార్చి పెంచి, దాని తీవ్రతను తగ్గించి ఈ టీకాను తయారుచేశారు. 1921లో తొలిసారి ఒక శిశువుకు ఇచ్చారు. ఈ టీకా వలన కూడా చర్మపరీక్ష పాజిటివ్ కావచ్చు. కాని పసితనంలో వేసిన టీకా ప్రభావం చాలామందిలో కాలక్రమేణా సన్నగిల్లుతుంది. అందుచేత ముప్పై ఏళ్ల మనిషిలో వచ్చిన పెద్ద వాపును టీకాకే ఆపాదించడం తగదు.

ఈ చిక్కును రక్తపరీక్ష చాలావరకు తీర్చింది. బి.సి.జి. క్రిమి తయారీలో కోల్పోయిన జన్యుభాగంలో ఇసాట్-6, సి.ఎఫ్.పి.-10 అనే రెండు మాంసకృత్తులు ఉన్నాయి. రక్తంలోని టి-కణాలకు ఈ రెండింటినీ చూపి, గామా ఇంటర్‌ఫెరాన్ వెలువడుతున్నదో లేదో కొలుస్తారు. ఆ మాంసకృత్తులు టీకాలో లేవు గనుక టీకా వలన ఈ పరీక్ష పాజిటివ్ కాదు. అయితే నిద్రాణ స్థితినీ అసలు వ్యాధినీ వేరుచేసి చెప్పడం ఈ పరీక్షకు కూడా సాధ్యం కాదు. దానికి ఛాతీ ఎక్స్‌రే, వైద్యుని పరిశీలన, అవసరమైతే తెమడ పరీక్ష కావాలి.

మదనపల్లి, చెంగల్పట్టు, ఆపైన

టీకా పరిశోధన చరిత్రలో మన ప్రాంతానికి స్థానం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని మదనపల్లి సమీపాన ఆరోగ్యవరంలో ఉన్న క్షయ శానిటోరియం 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుండి ఎందరికో ఆశ్రయమైంది. మదనపల్లి పరిసర గ్రామాలలో బి.సి.జి. రక్షణశక్తిపై జరిపిన పరిశీలనలు 1964లో ప్రచురితమయ్యాయి. తరువాత 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు ప్రాంతంలో సుమారు 2,60,000 మందితో భారీ పరిశోధన మొదలైంది. పెద్దలలో ఊపిరితిత్తుల క్షయను బి.సి.జి. నిరోధించలేకపోయిందన్న ఫలితం 1979లో వెలువడి శాస్త్రలోకాన్ని నిరాశపరిచింది. పసిపిల్లలను మెదడు పొరల క్షయ వంటి తీవ్రరూపాల నుండి కాపాడుతుంది గనుక ఈ టీకాను భారతదేశంలో నేటికీ పుట్టిన బిడ్డలకు వేస్తున్నారు.

ఇప్పుడు కొత్త టీకాలు పరీక్షల దశలో ఉన్నాయి. వాటిలో ఎం-72 అనే టీకా, ఇప్పటికే సంక్రమణ ఉన్న పెద్దలలో వ్యాధి రావడాన్ని మూడేళ్లలో దాదాపు సగానికి తగ్గించిందని 2019లో ప్రకటించారు. దాని మూడవ దశ పరీక్షలు 2024లో దక్షిణాఫ్రికాలో ప్రారంభమయ్యాయి. కట్టిన కోటను బలపరచే టీకా సాధ్యమేనన్న ఆశ దీనివలన కలుగుతున్నది.

మనం చేయవలసింది

పరీక్ష పాజిటివ్ అయితే భయపడవలసిన పని లేదు. నిర్లక్ష్యం చేయవలసిన విషయమూ కాదు. ముందు వ్యాధి లేదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాత నిద్రాణ సంక్రమణకు చికిత్సను గురించి వైద్యునితో చర్చించాలి. పూర్వం ఐసోనయజిడ్ మాత్రలను తొమ్మిది నెలల పాటు ప్రతిదినం మింగవలసి వచ్చేది. ఇప్పుడు వారానికొకసారి చొప్పున 12 వారాల పద్ధతి, రిఫాంపిసిన్‌తో నాలుగు నెలల పద్ధతి ఉన్నాయి. ఈ మందులు కాలేయంపై ప్రభావం చూపవచ్చు, ఇతర మందులతో విభేదించవచ్చు. కనుక వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి.

మధుమేహం క్షయ ప్రమాదాన్ని రెండు, మూడు రెట్లు పెంచుతుంది. మన కుటుంబాలలో మధుమేహం ఎంత సామాన్యమో వేరే చెప్పనక్కరలేదు. ఇండియా నుండి వచ్చి మన ఇంట ఉండే తల్లిదండ్రులకు కీళ్లవాతానికి కొత్త మందులు గాని, దీర్ఘకాలం స్టెరాయిడ్లు గాని మొదలుపెట్టే ముందు వారికి క్షయ పరీక్ష జరిగిందో లేదో వైద్యుని అడగండి. రెండు, మూడు వారాలకు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, రాత్రి చెమటలు, కారణం తెలియకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకండి.

అన్నిటికన్నా ముఖ్యంగా, దాచకండి. మద్రాసులో రోగులకు ఇంటివద్దనే చికిత్స ఇచ్చి జరిపిన ప్రసిద్ధ పరిశోధన, మందులు సక్రమంగా వాడితే శానిటోరియం అవసరం లేదని 1959లోనే లోకానికి చాటింది. శరీరం తన వంతు పనిని ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి చేస్తూనే ఉంది. సకాలంలో వైద్యుని కలిసి, మొదలుపెట్టిన మందులను చివరిదాకా వాడడం మన వంతు.