మూసిన పెట్టె

మదనపల్లె మండీలో టమాటాలు కొనువాడు సరకును చూచి వెల చెప్పును. కొన్ని వీడియో ఆటలలో నీ న్యాయము తలక్రిందైనది. లోపల నేమున్నదో యెఱుగకయే సొమ్మిచ్చి పెట్టెను కొనవలయును. దానిని లూట్ బాక్సు అందురు.

ఉచితముగా లభించు నాటలో నిది యుండిన కొందఱు సహింతురు. పూర్తి వెల గైకొన్న యాటలోను ఉండుటయే ఆటగాండ్రకు ఆగ్రహకారణము. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థవారి ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ వెల 2017లో 60 డాలర్లుగా నుండెను. అది చెల్లించినను డార్త్ వేడర్ పాత్రకై మఱి 60,000 క్రెడిట్లు కూడబెట్టవలసి యుండెను. ఆటగాండ్రు తీవ్రముగా ఆక్షేపింపగా, సంస్థ దానిని 15,000కు తగ్గించి, 2017 నవంబరులో విడుదలకు ముందుదినమున ఆటలోపలి కొనుగోళ్లను నిలిపివేసెను.

2018లో బెల్జియము జూద నియంత్రణ సంఘము కొన్ని యాటలలోని యిట్టి పెట్టెలు జూదమేయని నిర్ణయించెను. మన ఆంధ్రప్రదేశమున 2020లో, 1974 నాటి జూద చట్టమును సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించిరి.

బాలురారా! పెట్టెలో అమ్మబడునది వస్తువు కాదు, ఆశ. ఒకటి వట్టిదైన, మఱియొకటి తెఱువుమని అది పురికొల్పును. కావున కొనుటకు ముందు “ఈ సొమ్మునకు నాకు నిశ్చయముగా వచ్చునదేమి?” యని యడుగుడు. ఉత్తరము దొరకనిచో చేయి వెనుకకు తీయుడు. తల్లిదండ్రులును తమ చెల్లింపుల రహస్యసంఖ్యను పిల్లల చేతికీయకుందురుగాక.